దయ్యాల దుబాసీ గోమార్ బాబాయ్

మా గోమార్ బాబాయ్‌కి ఒక్కటే అలవాటు. మఠం నల్లబీరు పాత సీసా ఎక్కడ కనబడినా, దాన్ని దాచిపెట్టి చచ్చిపోయిన మనిషిని అడక్కుండా మూత తియ్యనిచ్చేవాడు కాదు. సీసా ఎవరిది, ఇల్లెవరిది, పెళ్ళెవరిది అన్న పట్టింపే లేదు. బతికున్నవాళ్ళు వంద చెప్పినా వినడు. పోయినవాడు ఊఁ అంటేనే మూత లేవాలి.

మా ఊరు ఎల్స్‌వెల్డ్‌లో బిడ్డ పుట్టగానే తండ్రి చేసే మొదటి పని, మఠానికి వెళ్ళి సాములు ఆ ఏడాది కాచిన నల్లబీరు ఒక పెట్టె తెచ్చి నేలమాళిగలో పెట్టడం. చక్కెర పూసిన బాదంపప్పులు పంచడమైనా, చర్చిలో పేరు పెట్టించడమైనా ఆ తర్వాతే. ఆ పెట్టె తెరిచేది బిడ్డ పెళ్ళిరోజున. అన్నేళ్ళు చీకట్లో, చల్లగా, కదలకుండా నిలబడితే ఆ బీరు ఇంకేదో అయిపోతుంది. మాగిన అంజూరం, ఎండు ద్రాక్ష, మాడీ మాడని చక్కెర పాకం, వెనకెక్కడో ఒక లవంగం. ముందు తీపి తగిలి, దాని వెంటే చేదు వచ్చి, మింగాక గుండెల్లో కుంపటి పెట్టినట్టుంటుంది. చిక్కల్లా ఏమిటంటే, ఈలోగా పెట్టె పెట్టిన తండ్రి ఒక్కోసారి చర్చి వెనక మట్టిలోకి వెళ్ళిపోయి ఉంటాడు. గోమార్ బాబాయ్‌కి పని పడేది అప్పుడే.

మఠం గేటుకి ఎదురుగా ఉన్న బీరుకొట్టు మాది. నా పేరు లియోనీ. ఊళ్ళో పెళ్ళివిందులన్నీ మా హాల్లోనే జరుగుతాయి గనక ఈ బాగోతమంతా నా కళ్ళెదుటే నడిచింది.

ఆయన వృత్తి చుంచులు పట్టడం. పచ్చిక కింద సొరంగాలు తవ్వి తోటలు పాడుచేసే గుడ్డి చుంచులు మా దగ్గర లెక్కలేనన్ని. ఆయన బోర్లా పడుకుని నేలకి చెవి ఆనించి, ఊపిరి బిగబట్టి, "ఇదుగో, బంగాళాదుంపల మడి కింద నడుస్తోంది" అనేవాడు. తవ్వితే ఉండేది. నేల కింద నడిచేవి వినపడే మనిషికి నేల కింద పడుకున్నవాళ్ళు వినపడరా అని ఊరు నమ్మేసింది. నిజం చెప్పొద్దూ, నేనూ నమ్మాను.

తతంగం ఎప్పుడూ ఒకటే. ముందు కిటికీ తెరలు వేయించేవాడు. సీసాని నిటారుగా, రెండు చేతుల్తో, ఒలుకుతుందేమో అన్నంత భయంగా తెచ్చి బల్ల మీద పెట్టేవాడు. "మడ్డి కదలకూడదు. కదిలితే లోపలున్నాయనకి కోపం వస్తుంది" అనేవాడు. చెవి ఆనించి, వేలి కణుపుతో రెండుసార్లు తట్టి ఆగేవాడు. అప్పుడు హాలంతా ఎంత నిశ్శబ్దం అయిపోయేదంటే, గోడగడియారం చప్పుడుకి కూడా పెళ్ళికూతుళ్ళు ఉలిక్కిపడేవాళ్ళు.

"ఏమంటున్నాడు బాబాయ్?"

"ఆగండ్రా. అటు తిరిగి పడుకున్నాడు. లేపుతున్నా."

ఆ మాటకి నా వీపు మీద ఎవరో తడిచెయ్యి వేసినట్టయ్యేది. మా పిల్లి అయితే తెరలు వెయ్యగానే పొయ్యి కింద దూరి, విందు అయిపోయేదాకా బయటికి వచ్చేది కాదు.

తర్వాత మూత తీసి, కాడగ్లాసు వంచి, సన్నటి ధారగా పోసేవాడు. అడుగున వేలెడు మడ్డి సీసాలోనే ఉంచేసేవాడు. వెంటనే తాగడు. గ్లాసుని అరచేతుల్లో పెట్టుకుని కూచునేవాడు. "చల్లటి బీరు నోరు విప్పదు. కాస్త వెచ్చబడనీ, అదే మాట్లాడుతుంది" అనేవాడు. ముక్కు గ్లాసులో పెట్టి, కళ్ళు మూసుకుని, "అంజూరం... పాకం... పాత తోలు సంచీ... ఆఁ, వచ్చాడు వచ్చాడు" అని ఒక్క గుక్క తాగి దగ్గేవాడు. ఆ దగ్గు ఆయనది కాదు. పోయినాయన దగ్గు. అది వినగానే ముసలాళ్ళంతా గబగబా శిలువ గీసుకునేవాళ్ళు.

బేకరీ ఓడిలోన్ పెళ్ళిలో అచ్చం వాళ్ళ నాన్న పియెర్‌లా దగ్గి, కళ్ళు తెరవకుండానే అన్నాడు:

"మీ నాన్న అడుగుతున్నాడు, నిచ్చెన ఏదిరా అని."

ఓడిలోన్ తెల్లబోయాడు. "ఏ నిచ్చెన బాబాయ్?"

"పక్కింటివాళ్ళ నిచ్చెన. ఆయన అడిగి తెచ్చాడంట, తిరిగివ్వలేదంట. పందుల కొట్టం వెనక ఉందంట."

పెళ్ళివాళ్ళంతా పొలోమని వెళ్ళి చూస్తే, దురదగొండి పొదల్లో నిచ్చెన! సగం మట్టిలో కలిసిపోయి, ఎముకల గూడులా పడి ఉంది. ముసలాళ్ళు మళ్ళీ శిలువ గీసుకున్నారు. కొత్త పెళ్ళికూతురు మాత్రం ఉండబట్టలేక, "పై లోకం నించి ఇంత దూరం వచ్చి నిచ్చెన సంగతా చెప్పేది?" అంది.

"చచ్చినవాళ్ళకి పెద్ద విషయాలు పట్టవమ్మా" అన్నాడు గోమార్ బాబాయ్, ఎంతో అనుభవమున్నట్టు.

నిజంగానే ఏ పోయినవాడూ ఒక్క గొప్ప మాట చెప్పలేదు. ఒకడు కోళ్ళగూడు తలుపు గడియ బాగుచేయించమన్నాడు. ఒకావిడ అల్లుడికి మీసం నప్పలేదంది. ఇంకొకాయన కేవలం జున్ను మీద ఆవపిండి ముద్ద తక్కువైందని చెప్పడానికే వచ్చి వెళ్ళిపోయాడు.

మా ఆయన రెమికి ఇవన్నీ గిట్టవు. ఆ ఓడిలోన్ పెళ్ళిలోనే, "దయ్యమూ లేదు, నా మొహమూ లేదు. అంతా గ్యాసు" అన్నాడు పెద్దగా.

"గ్యాసా?" అన్నాడు బాబాయ్. "అయితే ఖాళీ సీసాని అడుగుదాం. దాంట్లో గ్యాసుండదు గదా. ఒరే పియెర్, ఉన్నావా, పోయావా?"

టక్. టక్.

బల్ల మీద ఖాళీ సీసా. చుట్టుపక్కల ఎవరి చెయ్యీ లేదు. మా ఆయన పీపాలు చూసొస్తానని పెరట్లోకి వెళ్ళి, జనమంతా పోయాక గాని లోపలికి రాలేదు.

ఇంతవరకూ బాగానే ఉంది. ఊరికి ఒళ్ళు మండేది ఇంకో విషయంలో. కొన్ని సీసాలకి మొదటి గుక్కకే ఆయన మొహం మారిపోయేది. "ఇది నాకొక్కడికే అంటున్నాడు" అనేవాడు. అంతే. ఆ సీసా ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, చివరిదాకా తనే తాగేసేవాడు. ఎవరికీ వాసన కూడా చూపించేవాడు కాదు. మర్నాడు కడుపునొప్పని మంచం దిగేవాడు కాదు. "మరి దయ్యాల వాటా కూడా తాగేస్తే అరుగుతుందా?" అని ఊరంతా తిట్టిపోసేది.

"మా మావయ్య బతికుండగా ఈయనకి మంచినీళ్ళు కూడా పొయ్యలేదు. చచ్చాక ఇంత ప్రేమ ఎక్కణ్ణించి పుట్టుకొచ్చింది?" అని ఒకావిడ నా దగ్గర ముక్కు చీదింది.

"చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకున్నవాళ్ళని చూశాంగానీ, చచ్చినవాళ్ళ పేరు చెప్పి బీరు తాగేవాణ్ణి ఇక్కడే చూశాను" అనేవాడు రెమి, పెరట్లోంచి.

ఇహ గోదలీవ్ సంగతి. మా వెనకింటి పిల్ల. మొగుడు వాన్నెస్ మఠంలో పీపాలు దొర్లించేవాడు. కూతురు వీర్లె ఇంకా పాకుతుండగానే, మంచు గడ్డకట్టిన రోడ్డు మీద మోటారుసైకిలు జారి పోయాడు. ఆ పిల్లకి తండ్రి మొహం ఫొటోలో తెలుసు, గొంతు తెలీదు. వాన్నెస్ పెట్టిన పెట్టె మాత్రం నేలమాళిగలో ఉండేది. ఒక ఏడు వాగు పొంగి మాళిగలోకి నీళ్ళొచ్చి అదీ బద్దలైంది. ఒకే ఒక్క సీసా మిగిలింది.

గోదలీవ్ ఆ సీసాని గుండెలకి హత్తుకుని పైకి తెచ్చింది. కిటికీ పక్క గూట్లో, వాన్నెస్ ఫొటో పక్కన పెట్టింది. రోజూ దాని ముందు కొవ్వొత్తి వెలిగించేది. పగలు ఎండ, సాయంత్రం మంట. ఆ సీసాకి చీకటన్నది లేకుండా పోయింది. బయటినించి చూస్తే తెల్లటి పొగమంచులో ఆ ఒక్క కిటికీలో సీసా ఎర్రగా వెలుగుతూ, అక్కణ్ణించి ఎవరో ఒంటికన్నుతో చూస్తున్నట్టుండేది.

ఒకరోజు వాళ్ళ తోటలో చుంచులు పట్టడానికి వచ్చి గోమార్ బాబాయ్ అది చూశాడు. నేనూ అక్కడే ఉన్నాను.

"అమ్మాయ్, వాడికి వెలుతురు పడట్లేదంటున్నాడు. కిందికి దించు" అన్నాడు.

గోదలీవ్ కళ్ళెర్రజేసింది. "ఆయనకి చీకటంటే భయం బాబాయ్. పక్కన దీపం లేందే కన్ను మూసేవాడు కాదు. ఆయన సంగతి నాకు చెప్తావా?"

బాబాయ్ టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

వీర్లెకి పెళ్ళి కుదిరింది. కుర్రాడి పేరు యోరిస్, మంచివాడు. గోదలీవ్ నా దగ్గరికి వచ్చి చెప్పిన మొదటి మాట భోజనాల గురించి కాదు.

"లియోనక్కా, ఆ ముసలాణ్ణి మాత్రం పిలవకు. ఉన్నది ఒక్క సీసా. నాకొక్కడికే అన్నాడంటే నా బిడ్డ నోట్లో మట్టే."

పక్కనే ఉన్న వీర్లె ఒప్పుకోలేదు. "అమ్మా, నాకు నాన్నంటే ఆ ఫొటో ఒక్కటే. నా పెళ్ళిరోజున ఆయన నాకోసం పెట్టింది ఒక్క గుక్క తాగాలి, ఆయన మాట ఒక్కటి వినాలి. నిచ్చెన గురించైనా సరే, కోళ్ళగూడు గురించైనా సరే. గోమార్ తాత రాకపోతే నాకు ఎవరు చెప్తారు?"

ఆ మాటకి గోదలీవ్ ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని తిన్నగా బాబాయ్ ఇంటికి వెళ్ళి, "రా బాబాయ్ పెళ్ళికి. కానీ నీకొక్కడికే అన్నావంటే ఆ సీసా నీ నెత్తిన పగలగొడతా" అని పిలిచి వచ్చింది. పిలుపంటే అలా ఉండాలి.

పెళ్ళి, చచ్చినవాళ్ళని తలుచుకునే ఆత్మల పండగ వెళ్ళిన వారమే పెట్టుకున్నారు. ఆ రోజు మధ్యాహ్నానికే పొగమంచు ఎంత దట్టంగా దిగిందంటే, ఎదురుగా ఉన్న మఠం గేటు మాయమైపోయింది. సాముల గంట మోగింది గానీ ఏ దిక్కునించో తెలియలేదు. పట్టపగలు దీపాలు వేశాను. కిటికీ అద్దాల మీద తేమ పట్టి, బయటినించి ఎవరో చేతులానించినట్టు మరకలు కనబడుతున్నాయి. నేను తుడిచాను. కాసేపటికి మళ్ళీ వచ్చాయి.

భోజనాలయ్యాక గోదలీవ్ సీసా తెచ్చి బల్ల మీద పెట్టింది. గోమార్ బాబాయ్ తెరలు వెయ్యమనలేదు. ఆ మంచులో అక్కర్లేకపోయింది. చెవి ఆనించాడు. ఎప్పుడూ లేనిది, చాలాసేపు అలాగే ఉండిపోయాడు. తట్టాడు. మళ్ళీ విన్నాడు. పొయ్యి పక్కనున్న మనుషులు కూడా కోట్లు దగ్గరికి లాక్కున్నారు.

మూత తీశాడు. చప్పుడు రాలేదు. బతికున్న బీరైతే మూత తియ్యగానే బుస్సుమంటుంది. ఇది కిక్కురుమనలేదు. గ్లాసులోకి పోస్తే నురుగు పుట్టలేదు. వాగునీళ్ళ రంగులో మందంగా జారింది. బాబాయ్ ఒక్క గుక్క నోట్లో పోసుకుని, మింగకుండా అలా కూచున్నాడు. గోదలీవ్ వంక చూశాడు. ఆవిడ చేతులు రెండూ కట్టుకుని, చంటిపిల్లలా ఆశగా చూస్తోంది. వీర్లె అయితే కుర్చీ అంచుకి వచ్చేసింది.

ఆయన మింగాడు.

"ఇది... నాకొక్కడికే అంటున్నాడమ్మా."

హాలు దద్దరిల్లింది.

"సిగ్గులేదూ? పెళ్ళికూతురి నోటిదగ్గరిది!" అని ఓడిలోన్ లేచాడు. గోదలీవ్ చేతికందిన రొట్టె విసిరింది. అది ఆయన చెవికి తగిలింది. ఆయన పట్టించుకుంటే గదా! గ్లాసు ఎత్తి గటగటా తాగేశాడు. సీసాలో ఉన్నదీ పోసుకుని తాగేశాడు. కళ్ళమ్మట నీళ్ళు ధారగా కారుతున్నాయి. వీర్లె ఆయన్నే చూస్తూ ఉండిపోయింది.

నేను గొడవలో ఆ గ్లాసు తీసి, గల్లా వెనక్కి తెచ్చి, అడుగున అంటుకున్న తడిని వేలితో నాకి చూశాను. అబ్బ! వెనిగరు, తడిసిన అట్టపెట్టె, తుప్పుపట్టిన మేకు. నా ఒళ్ళంతా ముడుచుకుపోయింది. ఎండా కొవ్వొత్తీ కలిసి ఏళ్ళ తరబడి ఆ బీరుని ఉడకేసి చంపేశాయి. గోదలీవ్ ప్రేమే దాన్ని పాడుచేసింది. ఆ సంగతి ఆవిడకి తెలిస్తే ఇహ బతికినన్నాళ్ళూ ఏ దీపం వెలిగించినా ఏడుస్తుంది. ఆయన ఒక్కడికే అన్న సీసాలన్నీ, ఆ మర్నాటి కడుపునొప్పులన్నీ నాకు అప్పుడు అర్థమయ్యాయి. పోయిన తండ్రి దాచింది పాడైందని ఏ బిడ్డకీ తెలియకూడదని, ఆ విషమంతా ఈ ముసలాయనే తాగుతూ వచ్చాడు. దానికి మా ఊరు ఇచ్చిన బహుమానం తిట్లు.

ఇంతలో వీర్లె లేచి సీసా అందుకుంది.

"తాతా, మడ్డి మిగిలింది కదా. బీరు నీకన్నాడు, సరే. మడ్డి సంగతి నాన్న ఏమీ అనలేదు కదా?"

బాబాయ్ కుర్చీ తన్నుకుని లేచాడు. "వద్దు తల్లీ, ఆ మడ్డి మంచిది కా..."

అప్పటికే సీసా ఎత్తేసింది.

ఆ పిల్ల గొంతు కదిలింది. బుగ్గలు బిగుసుకున్నాయి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అలాగే బాబాయ్ వంక చూసింది, ఆయన తడిసిన మొహం వంక, రొట్టె తగిలి ఎర్రబడ్డ చెవి వంక. తెలిసిపోయింది దానికి. తర్వాత వాళ్ళమ్మ వంక చూసింది.

"ఎలా ఉంది?" అంది గోదలీవ్.

వీర్లె మింగింది. "తియ్యగా ఉందమ్మా. అంజూరపండులా."

నేను దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. బాబాయ్ కుర్చీలో కూలబడ్డాడు.

"మరి... ఏమన్నా అన్నాడా?"

వీర్లె నోరు తెరిచింది. వాళ్ళమ్మ సంతోషం కోసం ఏదో తియ్యటి మాట అల్లబోతోందని నాకు తెలుస్తూనే ఉంది. కానీ బయటికొచ్చిన గొంతులో తీపీ లేదు, ఏడుపూ లేదు. వాకిట్లోంచి వెనక్కి తిరిగి అడిగినట్టు అడిగింది:

"ఇస్త్రీపెట్టె తీశావా, గోదీ?"

వీర్లె తన నోరు తనే మూసుకుంది. "నేనెందుకన్నానమ్మా అలా? నేను వేరే చెప్దామనుకున్నా..."

గోదలీవ్ మొహం సున్నం కొట్టినట్టయింది. "గోదీ అని ఆయనొక్కడే అనేవాడు, నాలుగు గోడల మధ్య. ఆ రోజు మోటారుసైకిలెక్కుతూ ఇదే అడిగాడు. ఆఖరి మాట. నేను ఎవరికీ... ఎవరికీ..." అని ఆగిపోయింది. ఉన్నట్టుండి రెండు చేతుల్తో నెత్తి కొట్టుకుంది. "అయ్యయ్యో! తియ్యలేదు! పొద్దున పెళ్ళిబట్టలకి పెట్టి, స్విచ్చి తియ్యకుండా అలాగే వచ్చేశా!"

గౌనెత్తి పట్టుకుని మంచులోకి పరిగెత్తింది. వెనక యోరిస్, ఆ వెనక రెమి. కాసేపటికి ముగ్గురూ తిరిగొచ్చారు. యోరిస్ చేతిలో ఇస్త్రీబల్ల ఉంది. నడుమన నల్లగా, ఇస్త్రీపెట్టె ఆకారంలో, పొగలు కక్కుతున్న కంత.

"ఇంకాస్త ఆలస్యమైతే తెరలంటుకునేవి" అన్నాడు రెమి. గ్యాసు మాట ఎత్తలేదు.

గోదలీవ్ ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. "ఓరి దొంగసచ్చినోడా! ఇన్నేళ్ళకి నోరు తెరిచి ఇస్త్రీపెట్టె సంగతా అడిగేది!" అని కూతుర్ని పట్టుకుని ఊపేస్తోంది. వీర్లె పగలబడి నవ్వుతూ, వెక్కుతూ, "విన్నానమ్మా, నాన్న మాట నేను విన్నా" అంటోంది. ఓడిలోన్ అందరికీ కొత్త సీసాలు తెరవడం మొదలుపెట్టాడు.

గోమార్ బాబాయ్ హాల్లో లేడు. వెతికితే వెనక నడవలో, పీపాల మధ్య నిలబడి ఉన్నాడు. టోపీ చేతుల్లో నలిగిపోతోంది.

"నేను గ్లాసు నాకి చూశాను బాబాయ్" అన్నాను.

"ఎవరికన్నా చెప్పావా?"

"చెప్పను. కడుపులో ఎలా ఉంది?"

"కడుపు సంగతి వదిలెయ్. లియోనీ, ఆ పిల్ల ఎవరితో మాట్లాడింది?"

"నన్నడుగుతావేంటి? దుబాసీవి నువ్వు."

"నా శ్రాద్ధం! చచ్చినవాళ్ళు నాకెప్పుడూ ఒక్క ముక్కా చెప్పలేదే!" గొంతు తగ్గించి అటూ ఇటూ చూశాడు. "చుంచులు పడుతుంటే తోటలవాళ్ళు పక్కన నిలబడి ఏదో ఒకటి వాగుతారు గదా. నిచ్చెనని, కోళ్ళగూడని. వాళ్ళు పోయాక ఆ మాటలు నా దగ్గరే మిగిలిపోయాయి. పెళ్ళిరోజున పిల్లలకి తండ్రి మాట ఒక్కటైనా దక్కొద్దూ? అందుకని కాస్త కాస్త వడ్డించేవాణ్ణి."

"మరి ఖాళీ సీసాలో టక్కుటక్కు?"

"అది బల్ల కింద నా చెక్కబూటు."

"అయితే ఇస్త్రీపెట్టె మాట?"

"అదేగదా నా ఏడుపు! వాన్నెస్ నాకెప్పుడూ చెప్పలేదు. నేను ఆ పిల్లకీ చెప్పలేదు." ఆయన పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. "అమ్మాయ్, మా ఇంటికి పోవాలంటే సమాధుల పక్కనించే దారి. కాస్త తోడు వస్తావా?"

నవ్వాపుకుని శాలువా కప్పుకున్నాను. బయట మంచు ఇంకా దట్టంగానే ఉంది. ఇన్నేళ్ళు ఊరంతటినీ దయ్యాలతో హడలగొట్టిన మనిషి నా మోచెయ్యి పట్టుకుని, నా కాళ్ళకి అడ్డం పడుతూ నడిచాడు. చర్చి గోడ దగ్గరికి రాగానే ఆగి, ఆ తెల్లటి శూన్యం వంక తిరిగాడు.

"ఒరే వాన్నెస్, నీ కూతురికి బీరు నచ్చిందిరా. నువ్వు నిశ్చింతగా పడుకో. నాకు మాత్రం ఏమీ చెప్పొద్దు బాబూ, నీకు పుణ్యముంటుంది."

అని, నన్ను లాక్కుని గబగబా అడుగులేశాడు. ఇల్లు చేరేదాకా నన్ను ఆపకుండా ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉండమన్నాడు.